పందొమ్మిది చుక్కలు

కిందటి సెప్టెంబరు తొమ్మిదో తేదీ మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చి ఒక మందపాటి కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. కవరు మీద నా పేరూ, దాని కింద యాభై మూడేళ్ల కిందట నేను పనిచేసిన అరకు ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల చిరునామా ఉన్నాయి. ఇప్పటి ప్రధానోపాధ్యాయిని ఎవరో పాత రిజిస్టర్లు తిరగేసి, తెలిసినవాళ్లను అడిగి, నా విజయనగరం చిరునామా సంపాదించి, పాతది కొట్టేసి పక్కన కొత్తది రాసి పంపింది. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం ఒకటి, పదకొండు పేజీల జిరాక్సు కాగితాలు ఉన్నాయి. ఉత్తరం చదవకముందే ఆ కాగితాలను గుర్తుపట్టాను. అయిదేసి గీతల మీద స్వరాలు, గడికీ గడికీ మధ్య నిలువు గీత, ప్రతి గడి నెత్తినా సన్నగా ఒక తెలుగు అంకె, ౧ మొదలు ౧౪౮ దాకా. ఆ చేతిరాత నాదే.

సముద్రాల అవతలనుంచి ఆ ఉత్తరం రాసినామెను నేనెన్నడూ చూడలేదు. ఆమె అమ్మమ్మను మాత్రం బాగా ఎరుగుదును. ఆమె రాసిన సంగతి ఇది. తమ ఊళ్లో వందేళ్ల కిందట బడిపంతులుగా ఉన్న తమ పెద్దతాత చాలా పాటలు కట్టాడు, వాటిలో ఈ ఒక్కటే మిగిలింది, అదీ నేను రాసిపంపిన ఈ కాపీ రూపంలోనే మిగిలింది. వచ్చే క్రిస్మస్‌కు ఊరి చర్చిలో దాన్ని పాడించాలని ఆమె కోరిక. సంగీతం తెలిసిన పెద్దాయన ఒకరికి చూపిస్తే, ఇది తప్పుల్లేని పాటే గాని ప్రాణంలేని పాట, ఇలాంటివి ఊరికొకటి ఉంటాయి, దీనికోసం శ్రమపడక్కర్లేదు అన్నాడట. తమ ప్రాంతంలో రెండు అడుగుల నడకా మూడు అడుగుల నడకా ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఆట ఉందనీ, పెద్దతాత పాటలన్నీ ఆ నడకలోనే ఉండేవని అమ్మమ్మ చెబుతుండేదని తన తల్లి అనేదనీ, ఈ కాపీలో మాత్రం మొదటినుంచి చివరిదాకా మూడే ఉన్నదనీ, దీని విషయం నాకేమైనా తెలుసునేమో నవంబరు నెలాఖరులోగా చెప్పమనీ అడిగింది.

తెలుసు. ఆ పాటకు ప్రాణం లేకుండా చేసినదాన్ని నేనే.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో విశాఖలో పెద్ద యంత్రాలు తయారుచేసే కర్మాగారం కడుతుంటే చెకోస్లోవేకియా ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చి ఉండేవారు. వాళ్లలో ఒకాయన భార్యకు, అంటే ఈ ఉత్తరం రాసినామె అమ్మమ్మకు, ఊపిరితిత్తుల జబ్బు. విశాఖ ఉక్కకు తట్టుకోలేక, డాక్టరు కొండగాలి మంచిదన్నాడని అరకు వచ్చి స్టేషనుకు దగ్గరలో ఇల్లు తీసుకుంది. డెబ్బైరెండో సంవత్సరం జూలై మూడో తేదీ సోమవారం నాడు గొడుగు పట్టుకుని మా బడికి వచ్చి, పిల్లలకు ఉచితంగా పాట నేర్పుతాను, అనుమతిస్తారా అని అడిగింది. అప్పటికి నాకు ఇరవైనాలుగేళ్లు, లెక్కల టీచరుని, అరకు వచ్చి ఏడాది దాటింది. కొండల చలికి రెండు రగ్గులు కప్పుకున్నా చాలక, సాయంత్రాలు హాస్టలు వంటింటి పొయ్యి దగ్గర పిల్లల మధ్య కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. బడిలో కాస్త ఇంగ్లీషు మాట్లాడగలిగినది నేనే కాబట్టి ఆవిడకూ పిల్లలకూ మధ్య మాట నన్ను అందించమన్నారు. పిల్లలు ఆవిడను దొరసానమ్మ అనేవారు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ పుస్తకాల్లోంచి వచ్చినవే కావడంతో మాకు బాగానే కుదిరింది.

ఆవిడ తాతగారి కథ నేను వాయిదాల మీద విన్నాను, ఎక్కువగా సాయంత్రం వాన పడుతుండగా ఆవిడ వరండాలో. ఆయన నలభైఒక్క సంవత్సరాలు ఒకే ఊళ్లో, ఒకే బడిలో పాఠాలు చెప్పాడు. మా అరకులాగే చుట్టూ అడవి, చలి, బంగాళాదుంపలు తప్ప పండని నేల. పొద్దున బడి తలుపులు తీసేవాడు, చర్చి గంట కొట్టేవాడు, ఆదివారం ఆర్గను తొక్కేవాడు, మిగిలిన వేళల్లో పాటలు కట్టేవాడు. కాగితం కొనే స్తోమత లేక పిల్లల పరీక్ష పేపర్ల వెనకవైపు రాసేవాడట. పాట కడుతున్నప్పుడు ఆయన కళ్ల ముందు ఊరివాళ్లే ఉండేవారట. పిండిమర ఆయన భార్య గొంతు ఎంత పైకి వెళుతుందో అంతకు మించి ఏ స్వరమూ రాయలేదు. చెప్పులు కుట్టేవాడికి ఆయాసం గనక, వాడి వంతు వచ్చిన ప్రతిచోటా ఊపిరి తీసుకునే వ్యవధి వదిలాడు. ఒక్కసారి మాత్రం రెండు రోజులు ప్రయాణం చేసి రాజధానిలో ఒక పెద్ద విద్వాంసుడికి తన పాటలు చూపించాడట. ఆ విద్వాంసుడు నిలబడే నాలుగు పుటలు తిప్పి, ఇవి మీ ఊరివాళ్లకు బాగుంటాయి అని తిరిగి ఇచ్చేశాడు. ఈయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని, సంతోషంగా ఇంటికి వచ్చి భార్యకు చెప్పుకున్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆయన బతుకులో చివరి శీతకాలం ఆ ఊళ్లో కంఠసర్పి జబ్బు వచ్చి బడిపిల్లలు నలుగురు పోయారు. బడి మూశారు. ఆ మూసిన బడిలో కూర్చుని, మిగిలిన పిల్లలు క్రిస్మస్‌కు పాడడానికని ఆయన గొర్రెల కాపరుల పాట ఒకటి కట్టాడు. జబ్బు భయానికి ఆ ఏడు చర్చి కూడా తెరవలేదు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. పాట పాడినవాళ్లు లేరు, విన్నవాళ్లు లేరు. కాగితాలు మాత్రం కూతురికి, ఆవిడ దగ్గరనుంచి మనవరాలికి, ఆ మనవరాలితో ఓడెక్కి విశాఖకు, విశాఖనుంచి రైలెక్కి అరకుకు వచ్చాయి. తన దేశంలో అప్పట్లో చర్చి పాటలు బహిరంగంగా పాడించే వీలు లేదని ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. ఇక్కడ, ఎవరికీ అభ్యంతరం లేని ఈ కొండల్లో, తాత పాట ఒక్కసారి పిల్లల గొంతుల్లో వినాలి, అంతే ఆవిడ కోరిక.

తొమ్మిదిమంది పిల్లలను ఎంచుకుంది. వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, పై గట్టుమీది ఊరిది, పదమూడేళ్లు, నల్లగా సన్నగా ఉండేది, నూనె రాసి బిగించిన జడ. లెక్కల్లో అధ్వాన్నం. గొంతెత్తితే మాత్రం మిగతా ఎనిమిదిమందీ దాని వెనకే నడిచేవారు. దొరసానమ్మ మాటలు లేకుండా ఒట్టి రాగమే నేర్పేది. చర్చిలో కాళ్లతో తొక్కే పాత ఆర్గను ఒకటి ఉండేది, దానిమీద ఒక ముక్క వాయించేది, పిల్లలు పాడేవారు. పిల్లలకు నిలబడి పాడడం రాదు, తమ ఊళ్లో ధింసా ఆడేటప్పటిలాగ ఒకరి నడుము వెనక ఒకరు చేతులు వేసుకుని అడుగులు వేసేవారు. నేను వద్దనేదాన్ని, ఆవిడ ఉండనియ్యమనేది. నాకు సంగీతం చెవి లేదు. నాకున్నది కన్ను.

నవంబరు మొదట్లో ఆవిడ భర్తకు తిరిగి రమ్మని ఉత్తర్వు వచ్చింది. పన్నెండో తేదీ ఆదివారం ప్రయాణం. ఆ చివరి వారం సామాను సర్దుకోవడంలో పడి ఆవిడ పిల్లలచేత పాడించలేదు. అప్పటికి పాట మొత్తం నేర్పడం పూర్తయింది గాని, క్రిస్మస్‌కు ఇంకా ఆరు వారాలుంది. పాస్టరుగారి భార్యకు ఆర్గను కాస్త వచ్చు, కాబట్టి ఆవిడకోసం ఒక కాపీ ఉంచాలి. అరకులో జిరాక్సు అన్న మాటే ఎవరూ విని ఉండలేదు. నా చేతిరాత బాగుంటుందని దొరసానమ్మ ఆ పని నాకు అప్పగించింది. ఎనిమిదో తేదీనుంచి పదకొండో తేదీ వరకు, బడి అయ్యాక రోజూ నాలుగేసి గంటలు కూర్చుని, రూళ్లకర్రతో గీతలు గీసి, సన్న పాళీతో రాశాను. స్వరాల విలువలు నేర్చుకోవడం నాకు పావుగంట పని. అవన్నీ భిన్నాలే. పాట మొదట్లో మూడు అంకె ఉంది, అంటే ప్రతి గడిలోనూ మూడు లెక్కలు పడాలి. నేను ప్రతి గడినీ కూడి చూసుకుంటూ రాశాను. కూడుతుంటే, కొన్ని గడుల్లో మూడు ఉండవలసినచోట రెండే వచ్చాయి. పెద్దాయన, ముసలితనం, పిల్లలు పోయిన దుఃఖంలో రాసినది, పొరపాటు పడి ఉంటాడనుకున్నాను. రెండు లెక్కల స్వరం పక్కన ఒక చుక్క పెడితే అది మూడవుతుంది. పెట్టాను. అలాంటి గడులు పందొమ్మిది.

ఆవిడతో ఆ సంగతి ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. మన పెంపకాలు మీకు తెలియనివి కావు. పైగా ఆయన పంతులు, పోయినవాడు, ఆవిడకు తాత. పెద్దవాళ్ల తప్పు మన కంటబడితే నలుగురిలో ఎత్తి చూపకుండా మెల్లగా సరిచేసి ఊరుకోవడమే మర్యాద అని మా నాన్నగారు నేర్పారు, నేను అదే చేశాను. డైరీలో మాత్రం ఒక వాక్యం రాసుకున్నాను, పందొమ్మిది పొరపాట్లు దిద్దాను అని. ఏయే గడులో రాసుకోలేదు. చాకలిపద్దు మొదలుకొని జాగ్రత్తగా రాసి పెట్టుకునే నేను, ఎదుటివాడి తప్పుల జాబితా దాచుకోవడం సంస్కారం కాదని ఆ ఒక్కటీ రాయలేదు. ఆవిడ నా కాపీ చూసి, రాత ఇంత శుభ్రంగా ఉంటుందా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సామాను సర్దే తొందరలో చదివి చూసుకోలేదు. అసలు కాగితాలు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాటినుంచి పిల్లలకు నేను సాధన చేయించాను. పాస్టరుగారి భార్య నా కాపీ చూసి వాయించేది, నేను బెత్తంతో బల్లమీద ఒకటి రెండు మూడు కొట్టేదాన్ని. పిల్లలు కొన్నిచోట్ల బెత్తం కంటే ముందు వెళ్లిపోయేవారు. మందలిస్తే ఎనిమిదిమంది దారికి వచ్చారు. ఆ ఒక్కతీ రాలేదు. నాలుగో రోజు బెత్తం దాని ముందు కొట్టి, ఇక్కడ ఆగాలి అన్నాను. అది తల వంచుకునే, "అక్కడ ఆగితే కాలు తప్పిపోతాదండి అమ్మగారూ. దొరసానమ్మ అలాగ సెప్పలేదండి" అంది. కాగితంలో ఉన్నది నువ్వు నాకు చెబుతావా అని, దాన్ని వరసలోంచి తీసేశాను. డిసెంబరు ఇరవైనాలుగు ఆదివారం సాయంత్రం ఎనిమిదిమంది పాడారు. ఒక్క గడి కూడా తప్పలేదు. ఆ పంతులుగారి పాట ఈ భూమ్మీద వినపడినది ఆ ఒక్కసారే, అదీ నా చుక్కలతో.

తర్వాత సంగతి చెప్పుకోవడానికి ఎంతో లేదు. మరుసటి సంవత్సరం మేలో దొరసానమ్మ ఉత్తరం వచ్చింది. ఓడలో సామాను తడిసి ఆ అసలు కాగితాలు ముద్దయిపోయాయి, మీ దగ్గరున్న కాపీ పంపండి అని. రిజిస్టరు చేసి పంపాను. ఆవిడ భర్త రెండు వాక్యాల జవాబు రాశాడు. ఆవిడ పోయిన పదకొండు రోజులకు నా కట్ట చేరిందట. దాన్ని ఎవరూ వాయించి చూడలేదు, ఒక సొరుగులో పెట్టేశారు. ఇన్నేళ్లకు ఆ సొరుగు తెరిచిన పిల్లే ఇప్పుడు నాకు ఉత్తరం రాసింది.

జిరాక్సు కాగితాలు ముందు పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. నలభైఆరు. వాటిలో ఇరవైఏడు ఆయనవి, పందొమ్మిది నావి. ఒకే పాళీ, ఒకే సిరా, ఒకే సైజు. ఏవి నావో, ఏవి ఆయనవో చెప్పడానికి నాకే దారి లేకపోయింది. ఆ తొమ్మిదిమంది పిల్లల పేర్లు డైరీలో ఉన్నాయి. రెండు నెలలు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. ముగ్గురు కాలం చేశారు. ఇద్దరి ఆచూకీ దొరకలేదు. ముగ్గురికి పాట కాస్త గుర్తుంది. ఫోనులో పాడమంటే ముసలిగొంతులతో సిగ్గుపడుతూ పాడారు, కచ్చితంగా ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. నా మాట విన్నవాళ్లందరిలోనూ నా బెత్తమే మిగిలింది. ఇక మిగిలినది తొమ్మిదోది.

నవంబరు మొదటి గురువారం శృంగవరపుకోటలో రైలెక్కి అరకు వెళ్లాను. సొరంగాలు వచ్చినప్పుడల్లా ఒకప్పటి పిల్లలు కేకలు పెట్టేవారు, ఇప్పటి పిల్లలు ఫోన్లు పైకెత్తుతున్నారు. వలిసె పూలు విరగబూసి లోయంతా పసుపుపచ్చగా ఉంది, వాటి మధ్య నిలబడి ఫొటోలు తీసుకునేవారి కార్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. ఆటోలో గట్టు ఎక్కి, ఆగినచోటునుంచి కర్ర పట్టుకుని నడిచాను. ఆమె ఇంటి ముందు కాఫీపళ్లు ఎండబెట్టుకుంటూ ఉంది. అరవైఆరేళ్ల మనిషి, జుట్టు నాకంటే నల్లగా ఉంది. నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"లెక్కల అమ్మగారు గదా. ఏటి, ఇన్నాళ్లకి దారి దొరికిందేటండి? కర్రట్టుకుని మమ్మల్ని నడిపించినారు, ఇప్పుడు కర్రే మిమ్మల్ని నడిపిస్తన్నాది" అంది. పక్కనున్న కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మంచం వాల్చి, అల్లం వేసిన టీ ఇచ్చారు.

నేను వచ్చిన పని చెప్పాను. దాచకుండా చెప్పాను, తప్పు ఆ తాతది కాదు, నీది కాదు, నాది అని. ఆమె కాఫీపళ్లు కాలితో ఒక పక్కకు తోసి చోటు చేసుకుంది. పాట గుర్తుందా అంటే, మరుపుకు రాలేదంది, పిల్లలను పండబెట్టినప్పుడూ చోళ్లు, అదే రాగులు, దంచినప్పుడూ అదే వచ్చేదంది. కోడలి నడుము వెనక చెయ్యి వేసి అడుగు మొదలుపెట్టింది. గొంతు బొంగురుపోయింది, రాగం అక్కడక్కడ విరిగింది. కాళ్లు మాత్రం ఎక్కడా తడబడలేదు. నేను కాగితాలు ఒళ్లో పెట్టుకుని, ఆమె పాదాలు చూస్తూ పెన్సిలుతో గుర్తులు పెట్టాను. మూడు, మూడు, రెండు, మూడు, రెండు, రెండు. నా చెవికి ఇప్పటికీ ఏమీ తెలియదు. అయినా కాగితం మీద చచ్చుగా పడివున్న ఆ గడులు ఆమె పాదాల కింద ఊపిరి తీసుకోవడం నా కంటికి కనిపించింది. మూడుసార్లు పాడించుకున్నాను. మూడుసార్లూ అవే గడులు. పదమూడు చుక్కలు దొరికాయి. తొంభైరెండో గడి చివర మూడుసార్లూ ఆమె ఆగిపోయింది.

తర్వాతది కానియ్యమన్నాను. ఇంకా యాభైఆరు గడులు ఉన్నాయి, ఆరు చుక్కలు ఉన్నాయి.

"తరవాతది నాకు రాదండి. అది నేర్పినప్పుడు మీరు నన్ను రానిచ్చినారేటి? లెక్కలు తప్పీసినానని వసారాలో కూకోబెట్టి బిన్నాలు సేయించినారు గదా" అంది.

ఆ మాటలో కోపం లేదు. నాకు ఆ సంగతే గుర్తు లేదు. పాట కోసం దొరసానమ్మ నన్ను బతిమాలిందని కూడా ఆమే చెప్పింది. పాటకంటే పరీక్ష ముఖ్యమని నేను ఒప్పుకోలేదట. పోనీ ఇప్పుడు ఎవరిచేతనైనా మిగతా రాగం వాయించి వినిపిస్తాను, ఎక్కడ కాలు ఆగదో చెప్పు అని అడిగాను. ఆమె వంగి కాఫీపళ్లను మళ్లీ చేత్తో పరిచి, అప్పుడు చెప్పింది.

"అప్పుడైతే సెప్పీదాన్నండి. ఇప్పుడు నాను సెప్తే అది నాదవుతాది. ఆ ముసలాయనది అవదు."

ఇది ఆయనదా, నాదా అని నన్ను నేను జన్మలో ఒక్కసారైనా అడగవలసిన ప్రశ్న, అడగకుండా నేను పందొమ్మిదిసార్లు దాటిపోయిన ప్రశ్న, ఆమె తనను తాను మొదటిసారే అడిగింది. వచ్చేటప్పుడు ఒక డబ్బా మిరియాలు ఇచ్చి, గట్టు దిగేదాకా చెయ్యి పట్టుకుని దింపింది.

ఇంటికి వచ్చి పదమూడు గడుల అంకెలు రాసి, చివరి భాగంలో ఆరు చుక్కలు నావి ఉన్నాయనీ, అవి ఏవో తెలిసినవారు లేరనీ, ఎవరూ ఊహించి దిద్దవద్దనీ, ఇదంతా ఎలా జరిగిందో వివరంగా రాసి పంపాను. జవాబు డిసెంబరు రెండో తేదీన వచ్చింది. కాగితం చూసి పెదవి విరిచిన పెద్దాయనే పదమూడు చుక్కలు తీసేసి వాయించుకుని, వెంటనే మళ్లీ మొదటినుంచి వాయించాడట. పాట పాడుతున్నామనీ, తొంభైరెండో గడి దగ్గర ఆపేస్తామనీ రాసింది. నన్ను నిందిస్తూ ఒక్క మాట లేదు. ఉంటే బాగుండేది.

అరకునుంచి తిరిగి వచ్చే ముందు మా బడికి వెళ్లి చూశాను. పాత వసారా లేదు, అక్కడ మేడ లేచింది. పిల్లలకు లెక్కలు తెరమీద చెబుతున్నారు, తప్పు చేస్తే ఆ తెరే దిద్దుతుందని అక్కడి లెక్కల టీచరు నాకు చూపించి సంతోషపడింది. రిసార్టు ముందు స్పీకర్లలో వచ్చే దరువుకు ధింసా ఆడుతున్నారు, ఆ దరువు ఎక్కడా ముందుకు జారదు, వెనక్కి లాగదు. మన కాలంలో ఒక పాట కాపీ కావాలంటే నాలుగు సాయంత్రాలు పట్టేది, ఒక మాట సముద్రం దాటాలంటే మూడు వారాలు పట్టేది. ఆ తీరికలో మనం జాగ్రత్తగా ఉన్నామనుకునేవాళ్లం. చక్కటి దస్తూరీతో, మంచి మనసుతో, ఎంత పని చేశానో ఇప్పుడు తెలిసింది.

ఇంటికి చేరిన రోజే డెబ్బైరెండు డైరీ తీసి చూశాను. అక్టోబరు ఇరవైమూడు సోమవారం మొదలు నవంబరు నాలుగు శనివారం వరకు, మధ్యలో ఆదివారం తీసేస్తే పన్నెండు రోజులు, ఆ పిల్లను పాటకు పంపకుండా వసారాలో కూర్చోబెట్టి భిన్నాలు చేయించినట్టు నా చేత్తోనే రాసి ఉంది. ఆఖరి రోజు చిన్న పరీక్ష పెట్టాను. ఇరవైకి ఇరవై వచ్చాయి. సంతోషం పట్టలేక ఆ అంకె కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసుకున్నాను.